రక్తపరీక్షతో దూడల న్యుమోనియా ముందే తెలుస్తుందా?

ప్రశ్న: మా కొట్టంలో ఐదు నెలల దూడలు దగ్గుతున్నాయి. బాగానే ఉందనుకున్న దూడ ఒకటి రెండు రోజుల్లో చనిపోయింది. కోసి చూస్తే ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు. రక్తంలోని పదార్థాలన్నీ కొలిచి ఈ జబ్బును ముందే పసిగట్టే పరీక్ష వచ్చిందని విన్నాను. మిగతావాటికి చేయించమంటారా?

జవాబు: కనిపెట్టలేకపోయానని బాధపడకండి. పశువు నీరసాన్ని అంత తేలిగ్గా బయటపడనివ్వదు. పెద్ద ఫారాల్లో అనుభవజ్ఞులు చూసినా, ఈ జబ్బున్న 100 పశువుల్లో సుమారు 60 మాత్రమే లక్షణాలతో పట్టుబడతాయని అంచనా.

మీరు విన్న పరీక్ష పేరు మెటబొలోమిక్స్. మేత మానేసిన పశువులో ఒంటి కొవ్వు కరిగి రక్తంలో హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే పదార్థం పెరుగుతుంది. ఆక్సిజన్ చాలకపోతే లాక్టేట్ పెరుగుతుంది. వాపు వల్ల ఫినైల్‌అలనిన్ వంటి అమైనో ఆమ్లాల మోతాదు మారుతుంది. ఎన్‌ఎంఆర్ అనే, బలమైన అయస్కాంతంతో పనిచేసే యంత్రంతో వీటన్నిటినీ ఒకేసారి కొలిచి జబ్బు పశువులను వేరుచేయవచ్చని ఆస్ట్రేలియాలో జరిగి 2020లో వెలువడిన పరిశోధన చూపింది. నాకు దీని మీద గట్టి నమ్మకమే ఉంది.

అయినా మీ దూడలకు ఇప్పుడే చేయించమని చెప్పను. ఇది ఇంకా పరిశోధనశాల దాటి కొట్టం దాకా రాలేదు. పైగా ఒళ్లు ఎంత కష్టపడుతోందో చెబుతుందే గాని, కారణం పాశ్చురెల్లా, మైకోప్లాస్మా వంటి బాక్టీరియానా, వైరస్సా అన్నది చెప్పదు. దూడను తరిమి పట్టుకుని రక్తం తీసినా లాక్టేట్ పెరుగుతుంది. తీసిన రక్తాన్ని మామూలు సీసాలో అలాగే ఉంచితే అందులోని ఎర్రకణాలు గ్లూకోజును తింటూ లాక్టేట్‌ను వదులుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న దూడ కూడా జబ్బుదానిలా కనిపిస్తుంది.

ఇప్పుడు థర్మామీటరే మీకు అక్కర. తెల్లవారి, ఎండ ఎక్కకముందే, చెవులు వాల్చినవాటికి, మేత దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాటికి జ్వరం చూడండి. మలద్వారంలో పెట్టిన థర్మామీటరు పేడలో గుచ్చుకోకుండా లోపలి గోడకు ఆనాలి. 39.5 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ దూడను విడిగా కట్టి, పశువైద్యుడిని పిలవండి. యాంటీబయాటిక్ వేయకముందే ముక్కులోంచి స్వాబ్ తీయమని అడగండి, మందు పడ్డాక సూక్ష్మజీవి దొరకడం కష్టం. డాక్టరు దగ్గర చేతిలో పట్టే అల్ట్రాసౌండ్ ఉంటే దగ్గు లేని దూడల ఛాతీ కూడా చూపించండి. గట్టిపడిన ఊపిరితిత్తి అందులో తెలుస్తుంది.

మరో పని ఈ రాత్రే చేయండి. దూడలు పడుకునే చోట మోకాళ్ల మీద కూర్చుని, వాటి ముక్కు ఎత్తులో గాలి పీల్చండి. మూత్రం ఘాటుకు మీ కళ్లు మండితే, ఆ తడి పరుపు తీసేసి పొడి గడ్డి వేయండి, పైభాగంలో గాలి ఆడే దారి తెరవండి.