ఏడో తరగతి సైన్స్: రికార్డు కంటే ముందు పసుపు కాగితం

ప్రశ్న: మా పాప ఈ ఏడాది ఏడో తరగతి. సైన్స్‌కి నోట్సు, రికార్డు, ప్రాజెక్టులు, స్లిప్ టెస్టులు అంటూ ఒకటే హడావిడి. ఆ వయసు పిల్లల నుంచి సైన్స్‌లో అసలు ఎంత ఆశించాలి? ఇంట్లో మేం ఏం చేయాలి?

నేను 27 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సైన్స్ చెప్పాను. 6, 7 తరగతులకు సామాన్య శాస్త్రం, 8 నుంచి భౌతిక శాస్త్రం. ఎక్కువ కాలం నల్లగొండ జిల్లాలో, సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలోనే గడిచింది. మీ ప్రశ్న చదవగానే నాకు పాలిథిన్ కవర్లో మన్ను మూటగట్టుకొచ్చిన ఒక పిల్లాడు గుర్తొచ్చాడు. వాడి సంగతి చెబితే గానీ నా జవాబు మీకు సరిగ్గా అందదు. కాస్త ఓపిగ్గా చదవండి.

ఏడో తరగతిలో ఆమ్లాలు–క్షారాలు పాఠం ఉంటుంది. బడి తెరిచిన కొత్తలోనే వస్తుంది. పాఠానికి లిట్మస్ కాగితాలు, అంటే ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే కాగితాలు కావాలి. మా దగ్గర ఉన్నది అరచేతిలో పట్టే చిన్న లిట్మస్ పుస్తకం ఒకటి, పిల్లలు 42 మంది. అందుకని పసుపు కాగితాలు చేయించాను. పసుపు నీళ్లలో చిక్కగా కలిపి, తెల్ల డ్రాయింగ్ కాగితానికి పూసి, నీడలో ఆరబెట్టి, వేలెడంత ముక్కలుగా కత్తిరించడమే. తలా పది ముక్కలిచ్చి, ఇంట్లో దొరికే పది వస్తువులతో పరీక్షించి, రంగు మారిందో లేదో రాసుకు రమ్మన్నాను.

మర్నాడు నోట్సులు చూస్తే ముప్పై మందికి పైగా ఒకటే జాబితా, ఒకటే వరుస. మూడో స్థానంలో వెనిగర్. ఆ ఊళ్లో ఏ ఇంట్లోనూ వెనిగర్ ఉండదు. దాన్ని మించిన సంగతి ఇంకొకటి: చాలామంది 'నిమ్మరసం – ఎరుపు' అని రాశారు. నీలి లిట్మస్ నిమ్మరసంలో ఎర్రబడుతుంది, నిజమే. పసుపు కాగితం మాత్రం నిమ్మరసానికి పసుపుగానే ఉంటుంది. సబ్బు, సున్నం లాంటి క్షారాలకే అది ఎరుపు తిరుగుతుంది. అంటే వాళ్లు కాగితాన్ని నిమ్మరసంలో ముంచనే లేదు, గైడ్‌లోని లిట్మస్ పట్టికను దించేశారు. నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. పెళ్లిళ్లలో పసుపులో సున్నం కలిపి పారాణి చేయడం ఆ పిల్లలందరూ చూసినవాళ్లే. తెల్ల చొక్కా మీద కూర మరక సబ్బు తగలగానే ఎర్రబడటం వాళ్ల అమ్మలందరికీ తెలుసు. చేయాల్సిన ప్రయోగం ఇంట్లో రోజూ జరుగుతూనే ఉంది. అయినా గైడ్‌నే నమ్మారు.

ఆ రోజు చివరి బెంచీ పిల్లాడు ఒకడు నోట్సు ఇవ్వలేదు. స్లిప్ టెస్టుల్లో మూడో వంతు మార్కులు దాటని వాడు. పేరు పిలిస్తే లేచి, కవరు చూపించి, "సార్, మా పొలం మన్ను తెచ్చిన, దీన్ని ముంచొచ్చా?" అన్నాడు. తెల్లగా పొక్కినట్టున్న సౌడు మన్ను, అంటే చౌడు నేల మన్ను. స్టీలు గ్లాసులో వేసి, నీళ్లు పోసి కలిపి, తేరుకునేదాకా ఆగాం. అంతసేపూ తరగతి నిశ్శబ్దంగా ఉంది. వాడే కాగితం ముంచాడు. తడిసిన మేర ఇటుక రంగు తిరిగింది. వెనక నుంచి "అయింది, అయింది" అని కేకలు.

ఎందుకు తెచ్చావురా అని అడిగాను. వాడు చెప్పింది ఇదీ: "సబ్బులు లేని రోజుల్ల మా నాయనమ్మ వాళ్లు ఈ మన్నుతోనే బట్టలు ఉడకేసేటోళ్లంట సార్. సబ్బుకు ఎర్రగైతది గదా, దీనికి గూడ అయితదేమో అని చూసిన."

నేను బల్లకు ఆనుకుని నిలబడిపోయాను. 2012లో వచ్చిన పాఠ్యపుస్తకాల్లో విద్యా ప్రమాణాలని ఏడు రాశారు. అందులో రెండోది ప్రశ్నించడం, పరికల్పన చేయడం. పరికల్పన అంటే ఏమిటో శిక్షణ తరగతుల్లో మాకు చాలాసార్లు చెప్పారు. ఆ పిల్లాడు రెండు వాక్యాల్లో చెప్పినంత స్పష్టంగా నేనైతే ఎక్కడా వినలేదు. ఫలానాది ఇలా ఉంది, దానిలాంటి పనే ఇదీ చేస్తోంది, కాబట్టి ఇదీ అలాగే ఉండొచ్చు, చూద్దాం. ఏడో తరగతి సైన్స్ అంటే ఇదే. నా దృష్టిలో ఇంతకు మించి ఏదీ లేదు.

వాడు అక్కడితో ఆగలేదు. ఆమ్లాన్నీ క్షారాన్నీ కలిపితే రెండూ విరిగిపోతాయని అంతకు ముందు రోజే చెప్పాను. "అయితే సార్, చేనుకు నిమ్మకాయ రసం పోస్తే సౌడు పోతదా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాళ్లలో సగం మంది ఇళ్లలో చౌడు పొలాలున్నాయి. నాకు జవాబు తెలియదు. కనుక్కుని చెబుతానన్నాను.

ఆ సాయంత్రమే మండలంలోని వ్యవసాయ విస్తరణాధికారిని కలిశాను. ఆయన విసుక్కోకుండా అరగంట కూర్చుని చెప్పారు. చౌడు నేలల్లో మట్టి రేణువులకు సోడియం పట్టుకుని ఉంటుందట. అందుకే నేల ఎండితే గట్టిపడుతుంది, తడిస్తే నీరు కిందికి దిగదు. జిప్సం వేసి కలియదున్ని, నీరు నిలగట్టి బయటికి తీసేయాలి. జిప్సంలోని కాల్షియం వెళ్లి సోడియం చోటులో కూర్చుంటుంది, విడిపోయిన సోడియం నీళ్లతో పోతుంది. జీలుగ అనే పచ్చిరొట్ట పైరు వేసి పూతకొచ్చే దశలో దున్నేస్తే అది కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు కూడా సాయం చేస్తాయి. మురుగునీరు పోయే దారి లేకపోతే మాత్రం ఎంత జిప్సం వేసినా లాభం ఉండదన్నారు.

మర్నాడు ఇదంతా పిల్లలకు చెప్పాను. సోడియం, కాల్షియం అనేవి ఏడో తరగతికి ఎక్కువే. బెంచీలో కూర్చున్నవాణ్ణి లేపి ఇంకొకడు కూర్చున్నట్టు అని చెబితే పట్టుకున్నారు. ఆ పిల్లాడు ఆదివారం పదకొండు పొలాలు తిరిగాడు. ఒక్కో పొలం మన్ను, ఒక్కో పసుపు కాగితం. కాగితాలన్నీ నోట్సులో అతికించి, పక్కన ఫలానా వాళ్ల పొలం, కాలువకు ఇటు, వాగుకు అటు అని రాశాడు. పల్లపు పొలాల కాగితాలు బాగా ఎర్రగా ఉన్నాయి, మెరక పొలాలవి ఇంచుమించు పసుపుగానే ఉన్నాయి. కింద 'నీళ్లు నిలిచేకాడ సౌడు ఎక్కువ' అని ఒకే వాక్యం. ఆ మాట వాడికి ఎవరూ చెప్పలేదు.

తర్వాత జరిగింది చెప్పడం నాకు ఇప్పటికీ కష్టం. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో బడిలోనే వేసే మార్కుల రికార్డులు చూశారు. తెలిసే ఉంటుంది, దానికి నాలుగు భాగాలు: తరగతిలో పాల్గొనడం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ఈ పిల్లాడి ప్రాజెక్టుకు నేను పూర్తి మార్కులు వేశాను. ఆయన నోట్సు తిరగేసి, ఉద్దేశం ఏదీ, పరికరాలు ఏవీ, ముగింపు ఎక్కడ, చార్టు లేదు, అట్ట లేదు, ఇన్ని మార్కులు ఎలా వేశారు అని అడిగారు. నెట్ సెంటర్లో ప్రింటు తీసి రంగు అట్ట వేసిన ఇంకొక ప్రాజెక్టును మెచ్చుకుని, అలా ఉండాలి అన్నారు. పిల్లాడు అక్కడే నిలబడి ఉన్నాడు. నేను వాదించాను, మార్కులు తగ్గించలేదు. కానీ ఆ తర్వాత వాడు చాలా రోజులు నోట్సు నా ముందుకు తీసుకురాలేదు.

అందుకే మీలాంటి తల్లిదండ్రులతో ఇంత గట్టిగా చెబుతున్నాను. పాప ప్రాజెక్టు మీరు చేయకండి. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి థర్మోకోల్ షీటు కోసం తిరిగే నాన్నలను ఎందరినో చూశాను. జిరాక్స్ షాపులో 'సెవెన్త్ క్లాస్ ప్రాజెక్టు' అంటే చాలు, పది పేజీలు చేతిలో పెడతారు. అందులో పిల్లదనేది పేరొక్కటే. థర్మోకోల్ అగ్నిపర్వతం అందంగా ఉంటుంది, దాన్నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఇంకో మాట. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పిల్లల చేత లెక్కలు చేయించే బడుల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. వేగం, త్వరణం సూత్రాలు పన్నెండేళ్లకే అప్పజెప్పే పిల్లల్లో దారానికి రాయి కట్టి లోలకం ఊపి చూసినవాళ్లు చాలా తక్కువ. మన రాష్ట్ర పదో తరగతి పరీక్షలో సైన్స్‌కి విడిగా ప్రాక్టికల్ లేదు. ఇంటర్ రెండో ఏడాదిలో మొదటిసారి బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం) పట్టుకున్నప్పుడు చేతులు వణికిన విద్యార్థులు నాకు తెలుసు. వాళ్లలో నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. మరోవైపు చాలా బడుల్లో సైన్స్ పరికరాలు పగిలిపోతాయని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పగిలితే ఎవరు కట్టాలన్న భయం టీచర్లది, అది నాకు అర్థమవుతుంది. నా బడిలో మాత్రం బీరువా తాళం చెవి పిల్లల లీడర్ దగ్గరే ఉండేది. అన్నేళ్లలో పగిలినవి కొన్ని పరీక్షనాళికలు, రెండు థర్మామీటర్లు. థర్మామీటర్ పగిలితే మాత్రం పాదరసాన్ని పిల్లల్ని ముట్టుకోనివ్వకూడదు, ఆ జాగ్రత్త నేనే చూసుకునేవాణ్ణి.

భాష గురించి కూడా. ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగుగా పుస్తకాలు వస్తున్నాయి. మంచిదే. మీ పాప ఇంగ్లీషు మీడియమైనా సరే, చూసింది ముందు తెలుగులో చెప్పనివ్వండి. 'న్యూట్రలైజేషన్' స్పెల్లింగు తప్పు రాసిందని దిద్దే ముందు, దేన్ని దేనితో విరిచిందో అడగండి. సౌడు మన్ను పిల్లాడు ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ఆ రోజు కవరు బ్యాగులోంచి తీసేవాడే కాదు.

ఇక మీరు అడిగిన దానికి. ఏడో తరగతి పిల్ల నుంచి నేను ఆశించేది మూడు పనులు. ఒకటి, చూసింది చూసినట్టు రాయడం, రంగు మారకపోతే మారలేదనే రాయడం. రెండోది, వారానికి ఒక్కటైనా తనదైన ప్రశ్న అడగడం. మూడోది, కొలవడం: స్కేలుతో, గడియారంతో, కొలగ్లాసుతో. నిర్వచనాలు పొల్లుపోకుండా అప్పజెప్పడం, బొమ్మలకు షేడింగు, రికార్డు చుట్టూ స్కెచ్ పెన్ అంచులు, ఇవి రాకపోయినా టెన్షన్ పడకండి. ఎనిమిదిలో భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం విడివిడి పుస్తకాలవుతాయి, చదవాల్సింది ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు నిలబడేవాళ్లు ఈ మూడూ అలవాటైన పిల్లలే. ఈ మాట నేను ఎవరితోనైనా వాదిస్తాను.

రికార్డు విషయంలో టీచరుతో గొడవ పెట్టుకోకండి, వాళ్ల మీదా ఒత్తిడి ఉంటుంది. నేను తర్వాత చేసిన ఏర్పాటు ఏమిటంటే, రికార్డులో కుడి పేజీ ఫార్మాట్‌కి: ఉద్దేశం, పరికరాలు, విధానం, అన్నీ అడిగినట్టే. ఎడమ పేజీ పిల్లకి. అక్కడ తను చూసింది, కానిది, అనుమానం, అతికించిన కాగితం, ఎండిన ఆకు, ఏదైనా సరే. ఎర్ర పెన్ను ఆ పేజీ మీద పడకూడదు. తనిఖీలకు కుడి పేజీలు చూపించాను, నేను మాత్రం ఎడమ పేజీలే చదివాను. మీ పాప టీచరును అడిగి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు.

రేపటికి పసుపు కాగితం ఒకటి చేయించండి. సబ్బు నీళ్లు, బోరు నీళ్లు, మజ్జిగ, పొయ్యి బూడిద కలిపిన నీళ్లు, పెరటి మన్ను, వీటితో మొదలుపెట్టమనండి. బూడిద నీళ్లకు ఏమవుతుందో మీరు ముందే చెప్పేయకండి. ఒక్క సంగతి మాత్రం పాపకు చెప్పండి: కాగితం పసుపుగానే ఉంటే అది ఆమ్లం అని వెంటనే రాసేయకూడదు, మంచినీళ్లకూ అది పసుపుగానే ఉంటుంది. ఆ రెంటినీ విడదీయాలంటే ఏం చేయాలో తననే ఆలోచించమనండి. పెరట్లో మందార ఉంటే పూలు రెండు కోసి వేడినీళ్లలో వేసి, ఆ రంగు నీళ్లతో కూడా పరీక్షించి చూస్తుంది. ముంచిన కాగితాలు ఆరాక నోట్సులో అతికించి మూసిపెట్టాలి, ఎండలో వదిలేస్తే పసుపు వెలిసిపోతుంది.