కాటా గదిలో ప్రింటర్ జోలికి పోయే ముందు

నాయనా,

మిల్లు కాటా కంప్యూటర్‌ని ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారుస్తున్నావనీ, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ని అట్నే ఉంచావనీ మీ నాయన చెప్పాడు. మంచి పని చేశావు. కార్బన్ పెట్టి రైతుకొకటి, మిల్లుకొకటి ఒకేసారి కొట్టాలంటే ఆ సూదులే దిక్కు. కానీ చీటీ మధ్యలో ఆగిపోతోందనీ, అంకెలు ఎగిరిపోతున్నాయనీ విన్నాక నాకు నిద్ర పట్టలా. మన వైపు పది పుట్లంటే 8500 కిలోలు. చివరి సున్నా పడకపోతే అది ఒక్క పుట్టే.

ప్రింటర్‌కి వెళ్లే పారలల్ కేబుల్ పొట్టిది వాడు. స్క్రూలు బిగించు. రెండో వరస మొదటిది ఆగినచోట మొదలై మెట్లుమెట్లుగా దిగుతుంటే క్యారేజ్ రిటర్న్, అంటే వరస మొదటికి రమ్మనే సంకేతం, పోవడం లేదని అర్థం, దాన్ని చేర్చే చిన్న ప్రోగ్రాం, ఫిల్టర్ అంటారు, అది పెట్టు.

కరెంటు ఉండగా మాత్రం ఆ కేబుల్ ముట్టుకోవద్దు. నేను లెక్కలు రాసిన మిల్లులో ఒక కుర్రాడు, చురుకైనవాడే, ప్రింటు ఆగిందని రెండు మెషీన్లూ ఆన్‌లో ఉండగానే కేబుల్ పీకి మళ్లీ గుచ్చాడు. యూఎస్‌బీ లాగా పీకి పెట్టడానికి చేసింది కాదది. ఆ పోర్టు మళ్లీ పలకలేదు. బోర్డులోనే ఉన్న పోర్టు కాబట్టి బోర్డే మార్చాల్సొచ్చింది. నడి కోతల్లో ట్రాక్టర్లు కాలవ కట్ట దాకా నిలబడితే చీటీలు చేత్తో రాశాం. ఒక ముసలాయన ధాన్యం దించేసి, చీటీ చేతికి రాక, పొద్దుగూకే దాకా కాటా గది గుమ్మంలో కూర్చున్నాడు. అన్నం తినమన్నా లేవలా. ఆ కుర్రాణ్ణి నేను తిట్టలేదు, ముందే చెప్పేవాళ్లు లేరు వాడికి. నీకు నేనున్నా. అందుకే చెప్తున్నా: ముందు రెండు స్విచ్చులూ ఆపు, తర్వాతే చెయ్యి పెట్టు.

ఇక నీ జబ్బు సంగతి. ఎల్‌పీటీ0, అంటే ఆ ప్రింటర్ పోర్టు, మామూలుగా ఇంటరప్ట్ 7 మీద నడుస్తుంది; ఇంటరప్ట్ అంటే పరికరం ప్రాసెసర్‌కి కబురు పంపే దారి. ప్రింటర్ "అందింది" అని చెప్పే ఆ కబురు దారిలో పోతే, లేదా పాత సౌండ్ కార్డు లాంటిది అదే 7 పట్టుకుని ఉంటే, ప్రింటు నత్తలా నడుస్తుంది, ఆగుతుంది. బూట్ అయ్యేటప్పుడు వచ్చే సందేశాల్ని చూపించే డీమెసేజ్‌లో పీపీసీ0 వరస, అంటే పారలల్ పోర్టు వరస, చదువు, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో పోర్టు నంబరుతో పోల్చు. తర్వాత రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, ఎల్‌పీటీకంట్రోల్ అనే కమాండ్‌ని మైనస్ పి పెట్టి నడుపు. అప్పుడు సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ కబురు కోసం కాచుకోదు, తానే ప్రింటర్ని అడుగుతూ ఉంటుంది. ప్రాసెసర్‌కి కాస్త పని ఎక్కువే, కాటా గదిలో దాన్ని పట్టించుకునేదెవరు! రీబూట్ అయితే ఆ సెట్టింగు పోతుంది, స్టార్టప్‌లో రాసిపెట్టు. దాంతో కుదిరితే తప్పు ఇంటరప్ట్‌దే. అప్పటికీ అక్షరాలు పోతుంటే ఇంకో కేబుల్ వేసి చూడు.

బరువు అంకెల్లోనే కాదు, అక్షరాల్లో కూడా కొట్టించు. కోతలు మొదలు కాకముందే ఒక కట్ట కాగితం ఖర్చుపెట్టి ప్రతి చీటీ నీ కళ్లతో చదువు. అర్ధరాత్రి ఆగినా నాకు ఫోన్ చెయ్యి, మొహమాటపడొద్దు.

మీ పెదనాయన