యుద్ధం లేకుండా రాసి చూడు

చి. సౌజన్యకు,

హెపటైటిస్ సి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శ్రమ కనిపిస్తోంది, వాక్యం కూడా హాయిగా నడిచింది. నాకు పేచీ ఒక్క చోటే. "ఏళ్ల తరబడి పోరాడి పోరాడి మన ఎన్‌కే కణాలు అలసిపోతాయి" అన్నావు. వైరస్ సోకిన కణాలను చంపే నేచురల్ కిల్లర్ అనే రోగనిరోధక కణాల గురించి. వినడానికి బాగానే ఉంది, కానీ జరిగేది అది కాదు.

నువ్వు చదివిన పేపర్లే మళ్లీ తీసి చూడు. వైరస్ ఒంట్లో పాతుకుపోయినవాళ్లలో ఎన్‌కే కణాలు చంపే పనిలో వెనకబడవు. ఎదుటి కణానికి చావు సంకేతం ఇచ్చే ట్రెయిల్ అనే ప్రోటీన్ వాటి మీద మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. విష రేణువులు వదలడమూ పెరుగుతుంది. తగ్గేది ఇంటర్‌ఫెరాన్ గామా తయారీ. కాలేయ కణాన్ని చంపకుండానే లోపలి వైరస్‌ను అణచగల పదార్థం అది. అంటే కాలేయానికి దెబ్బ తగులుతూనే ఉంటుంది, వైరస్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. నువ్వేమో దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో దాటేశావు!

ఎందుకిలా అవుతుందో పాఠకుడు అడుగుతాడు, చెప్పాలి. వైరస్ ఉన్నన్నాళ్లూ, ఒంట్లో వైరస్ ఉందని తెలిపే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే మరో పదార్థం సంకేతం ఆగదు. ఎన్‌కే కణం లోపల ఆ సంకేతాన్ని స్టాట్1, స్టాట్4 అనే ప్రోటీన్లు అందుకుంటాయి. స్టాట్1 చంపే గుణాన్ని పెంచుతుంది, స్టాట్4 గామా తయారు చేయిస్తుంది. రోజూ అదే సంకేతం తగులుతుంటే స్టాట్1 పెరిగిపోయి, స్టాట్4 వాటా పడిపోతుంది. కింద కుళాయి తిప్పి వదిలేస్తే మేడ మీదకి నీళ్లు ఎక్కవు కదా, అలాగ. పోలిక కావాలంటే ఇది వాడుకో. సైనికులు, కోటలు, శత్రుసేనలు మాత్రం తీసెయ్యి.

ఇది భాషకు సంబంధించిన పట్టింపు అనుకోకు. చేతిలో రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడుతూ నీ వ్యాసం చదివేవాళ్లుంటారు. కణాలు అలసిపోయాయంటే వాళ్లు ముందు చేసే పని ఇమ్యూనిటీ పౌడరు కొనడం. వాళ్లకు కావలసింది మాత్రలు. వాటిలో ఒకటైన సోఫోస్‌బువిర్‌కు అమెరికాలో 2013 డిసెంబరులో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో 2015లో దాని జెనెరిక్ తెచ్చింది. ఇలాంటి మందులు కలిపి ఎక్కువమందికి 12 వారాలు ఇస్తే నూటికి 95 మందికి పైగా వైరస్ పోతోంది. నీ వాదనకు అడ్డం తగిలే సంగతి కూడా ఇక్కడే ఉంది: వైరస్ తగ్గేకొద్దీ ఎన్‌కే కణాలు మామూలు తీరుకు మళ్లుతున్నాయి, వాటికి విడిగా ఏ బలమూ ఇవ్వకుండానే.

సీడీ81 పేరా సరిచెయ్యి. వైరస్ పైపొరలోని ఈ2 ప్రోటీన్, ఎన్‌కే కణాల మీదుండే సీడీ81 అనే ప్రోటీన్‌ను పట్టుకుని వాటిని అణచేస్తుందని 2002లో వచ్చిన మాట నిజమే. అది ప్లేటుకు అంటించిన ప్రోటీన్‌తో చేసిన ప్రయోగం. తర్వాత విడిగా తేలే అసలు వైరస్ రేణువులతో చూస్తే ఆ అణచివేత కనిపించలేదు. రెండూ రాయి.

2004 నాటి జన్యు పరిశోధన దగ్గర కూడా తొందరపడ్డావు. ఎన్‌కే కణాన్ని ఆపి ఉంచే కేఐఆర్2డీఎల్3 గ్రాహకం, దానికి జతయ్యే హెచ్‌ఎల్‌ఏ-సి1 అనే ప్రోటీన్, ఈ రెండింటి జన్యువులూ తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవాళ్లలో వైరస్ దానంతట అదే పోవడం ఎక్కువగా కనిపించింది. ఆ జత పట్టు కాస్త వదులు, కణం త్వరగా కదులుతుంది. కానీ ఈ లాభం సూదుల ద్వారా కొద్ది మోతాదులో వైరస్ సోకినవాళ్లలోనే కనబడింది, రక్తం ఎక్కించుకుని తెచ్చుకున్నవాళ్లలో కాదు. "ఈ జన్యువుంటే భయం లేదు" అన్న నీ వాక్యం కొట్టేశాను.

2020 నోబెల్ ఉపోద్ఘాతం బాగుంది కానీ ఈ వైరస్‌ను కనుగొన్నందుకు ఆ బహుమతి పొందిన ఆల్టర్, హౌటన్, రైస్‌ల కథకు ఇంకో వ్యాసం పడుతుంది. ఇక్కడ తీసేస్తే నీకు ఒక పేజీ మిగులుతుంది. ఆ పేజీని గామా సంగతికి ఇచ్చి, తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు