మంత్రం ఒకరిది, చేతులు ఇంకొకరివి

అమ్మాయీ,

నీ నవల చిత్తుప్రతి చదివాను. మాంత్రికుడి వశంలో పడిన సేనాపతి అర్ధరాత్రి కోట తలుపు తీసే ఘట్టం బాగుంది. ఆ తర్వాతిదే మింగుడుపడలేదు. మంత్రం వదలగానే రాణి "ఇందులో నీ తప్పేం లేదు" అంటుంది, అతను కళ్లు తుడుచుకుంటాడు, కథ ముందుకెళ్లిపోతుంది. మరి ఆ రాత్రి చచ్చినవాళ్ల సంగతేమిటి?

ముందు నీ మంత్రం ఎలా పనిచేస్తుందో తేల్చుకో. ఒళ్లు మాత్రమే వశమై, లోపల మనిషి మెలకువగా చూస్తున్నాడా? అసలేమీ గుర్తులేదా? లేక కోరికే మారిపోయి, తలుపు తియ్యాలని తనకే అనిపించిందా? మూడోది రాయడం కష్టం, అయినా నేనైతే అదే ఎంచుకుంటాను. మొదటి రెండింటిలో "చేసింది నేను కాదు" అని సరిపెట్టుకోవచ్చు. మూడో దాంట్లో ఆ మాట తనకే నమ్మబుద్ధి కాదు.

భారతంలో నలుడి కథ ఇందుకోసం మళ్లీ చదువు. కలి పన్నెండేళ్లు కాచుకుని, నలుడు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చిన రోజున అతనిలో దూరాడు. ఇంత చిన్న లోపానికి అంత శిక్షా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. రాజ్యం జూదంలో పోయాక, అడవిలో నిద్రపోతున్న దమయంతిని వదిలివెళ్లే చోట చూడు. వెళ్తాడు, వెనక్కొస్తాడు, మళ్లీ వెళ్తాడు. కలి ఒకవైపు, ప్రేమ ఒకవైపు లాగుతుంటే ఉయ్యాలలా అటూ ఇటూ తిరుగుతాడు. నీ సేనాపతి చెయ్యి గడియ మీద ఒక్క క్షణమైనా ఆగొద్దూ?

అసలు పదును చివర్లో ఉంది. మళ్లీ కలిసినప్పుడు నలుడు, రాజ్యం పోవడం, నిన్ను వదలడం నేను చేసినవి కాదు, కలి చేయించాడు అంటాడు. ఆ నోటితోనే రెండో స్వయంవరం ఎందుకు చాటించావని ఆమెను నిలదీస్తాడు. అతన్ని రప్పించడానికి ఆమె వేసిన ఎత్తు అది! అతని మాటకు సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆమె నిర్దోషి అని చెప్పడానికి మాత్రం వాయుదేవుడు దిగిరావాల్సి వచ్చింది. తప్పించుకున్నవాడు ఎదుటివాళ్లను ఎంత తేలిగ్గా తప్పుపడతాడో నీ సేనాపతిలోనూ కాస్త చూపించు. మరీ దేవుణ్ణి చేసి కూర్చోబెట్టావు.

మాంత్రికుణ్ణి అంత త్వరగా చంపకు. వాడు పోతే జనం కోపమంతా మిగిలినవాడి మీదే పడుతుంది. కావాలనే అలా చేస్తే సరే, నువ్వు మాత్రం తొందరలో చేసినట్టుంది.

ఇంకో సంగతి. హ్యారీ పాటర్ కథల్లో వోల్డెమార్ట్ అనే దుష్ట మాంత్రికుడు మొదటిసారి కూలిపోయాక, అతని అనుచరులు చాలామంది "మంత్రం వేసి మాచేత చేయించారు" అని బయటపడ్డారు. వశీకరణం ఉన్న ప్రతి రాజ్యంలోనూ ఇలాంటివాళ్లు పుట్టుకొస్తారు. లంచం తిని కాపలా వదిలేసినవాడు సభలో సేనాపతి పక్కన నిలబడి అదే మాట అననీ. అప్పుడు నిజం చెప్పడానికే సేనాపతికి నోరు రాదు.

ఆ రాత్రి కొడుకును పోగొట్టుకున్న వంటావిడ చేత బలవంతంగా క్షమింపజేయకు. అతని తప్పు లేదని ఆవిడకు తెలుసు. అయినా తలుపు తీసిన ఆ చేతి నుంచి నీళ్లు తీసుకోలేదు.

రెండో అధ్యాయంలో రాకుమారికి మందు పెట్టి ప్రేమ పుట్టించే సీను నవ్వు కోసం పెట్టావు కదా, అది తీసెయ్. మనసును లాక్కోవడం ఒకచోట ఘోరం, ఇంకోచోట కామెడీ అయితే పాఠకుడు నిన్ను నమ్మడు.

సభ ఘట్టం ఒక్కటీ తిరగరాసి పంపు. మిగతా ప్రింటు నా దగ్గరుంది.

ఇట్లు,
పెదనాన్న