మేడ మీది ఆక్సిజన్ సిలిండరు గురించి

కర్నూలు

చిరంజీవి అబ్బాయికి పెదనాయన ఆశీస్సులు.

2021లో మీ జేజి కోసం కొన్న ఆక్సిజన్ సిలిండరును మళ్లీ నింపించి, వ్యాయామం చేసి వచ్చాక నువ్వూ నీ స్నేహితులూ మాస్కు తగిలించుకుని హుషారు కోసం పీలుస్తున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో సిలిండర్లు మార్చినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే అయినా, ఆరోగ్యంగా ఉన్నవాడి వేలికి ఆక్సీమీటరు తగిలిస్తే అది సాధారణంగా 95కు పైనే చూపుతుంది. అంటే రక్తంలోని హిమోగ్లోబిన్ అప్పటికే నిండుకుండలా ఉంది, మాస్కుతో ఎంత పీల్చినా అదనంగా కరిగేది బహు స్వల్పం. ఎండలో పరుగెత్తి వచ్చినవాడు నీడన కూర్చుంటే తగ్గే ఆయాసమే మాస్కు పెట్టుకుని కూర్చున్నా తగ్గుతుంది, ఆ ఘనత మాత్రం సిలిండరుకు పోతోంది. డబ్బాల్లో అమ్మే ఆక్సిజన్ కూడా అంతే. ఊరికే కూర్చున్న మనిషే నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు, పది లీటర్ల డబ్బా ఎంతసేపు వస్తుందో నువ్వే లెక్క వేసుకో.

నీలాంటివాడు ఐదు నిమిషాలు పీల్చినంత మాత్రాన ముక్కు ఎండిపోవడం తప్ప పెద్దగా ఏమీ కాకపోవచ్చు. గంటల తరబడి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే మాత్రం రొమ్ము ఎముక వెనక మంట, పొడిదగ్గు మొదలై ఊపిరితిత్తులు వాస్తాయి. బీడీలు తాగి ఏళ్ల తరబడి ఆయాసపడుతున్న మీ స్నేహితుడి తండ్రికి కూడా ఒకసారి పెట్టి చూశారట. అలాంటివారికి వైద్యులు రీడింగును 88 నుంచి 92 మధ్యనే ఉంచుతారు. అంతకు మించి ఇస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని, మనిషి హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తూ స్పృహ తప్పవచ్చు.

నాకు అంతకన్నా భయం నిప్పు. ఆక్సిజన్ తాను మండదు, పక్కనున్నవాటిని మండిస్తుంది. మాస్కు చుట్టూ ఉన్న చొక్కా, జుట్టు దాన్ని పట్టి ఉంచుకుంటాయి, ఆ తరువాత ఒక్క బీడీ నిప్పురవ్వ చాలు. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో నౌకను నేల మీదే పరీక్షిస్తుండగా, స్వచ్ఛమైన ఆక్సిజన్ నిండిన ఆ గదిలో మంటలు లేచి ముగ్గురు వ్యోమగాములు మరణించారు. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడొకడు, మర బిగుసుకుందని రెగ్యులేటరుకు నూనె రాయబోతే, చుక్క పడకముందే చేయి పట్టుకుని ఆపాను. అంత ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్ తగిలితే నూనె దానంతటదే అంటుకోగలదు. నువ్వేమో తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తోనే వాల్వు తిప్పుతున్నావు, పక్క గదిలో మీ అమ్మ దీపం పెడుతుంది.

వాల్వు మూసి, సిలిండరు పడిపోకుండా గోడకు గొలుసుతో కట్టు. మిగిలిన గ్యాసును గదిలోకి వదలవద్దు, నింపినవారికే తిరిగి అప్పగిద్దాం. ఆదివారం పొద్దున బస్సుకు అనంతపురం వస్తాను, అంతవరకు వాల్వు తిప్పే తాళం మీ అమ్మ దగ్గర ఉండనీ.

మీ పెదనాయన