నోరు విప్పని పీవీ సంస్కరణలు ఎలా చేశారు?

మీ ప్రశ్న ఇది: "ఏదీ తేల్చరు, నోరు విప్పరు అని పేరుపడ్డ పీవీ నరసింహారావు ప్రధానిగా 1991 ఆర్థిక సంస్కరణలు చేయడమేంటి? ఆ ఘనత నిజంగా ఆయనదేనా?"

ఆ స్వభావం ఉంది కాబట్టే చేయగలిగారని నేనంటాను. బాబ్రీ మసీదు దగ్గర దెబ్బతిన్నదీ ఆ స్వభావంతోనే.

1991 జూలై 24 తీసుకోండి. ఆ రోజంటే అందరికీ మన్మోహన్ సింగ్ బడ్జెట్టే గుర్తు. బడ్జెట్‌కు కొన్ని గంటల ముందే లోక్‌సభలో కొత్త పారిశ్రామిక విధానం పెట్టారు. 18 పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదన్న మాట ఉన్నది అందులోనే. అప్పుడు పరిశ్రమల శాఖ పీవీ చేతిలోనే ఉంది. అయినా సభలో ఆ పత్రం పెట్టింది సహాయ మంత్రి పి.జె. కురియన్. పత్రం తెరిస్తే మొదట కనిపించేది నెహ్రూ వేసిన పునాదుల గురించి. అంటే పాత ఇంటికి సున్నం వేస్తున్నట్టు చెబుతూ గోడలు తీసేశారన్నమాట. సొంత బలం లేని ప్రభుత్వం, పార్టీలోనే గుర్రుమనే పెద్దలు. ఛాతీ చరుచుకుని "నేనే మారుస్తున్నా" అనే మనిషైతే వారం తిరక్కుండా ఇంటికి పోయేవాడు.

అలాగని అన్నీ ఆయన ఖాతాలో రాయకండి. రూపాయి విలువను రెండు విడతలుగా, జూలై 1న, 3న తగ్గించారు. మొదటి విడత కాగానే పీవీ వెనకాడి, రెండోది ఆపమన్నారు. ఆ మాట రిజర్వు బ్యాంకుకు చేరేలోపే పని అయిపోయింది.

నాయకుడి స్వభావానికీ పనికీ లంకె చూడాలంటే ఒక్కో నిర్ణయానికీ ఒక కాగితం పెట్టుకోండి. అందులో తేదీ, ఆనాటికి ఆయన చేతిలో ఉన్న సమాచారం, చట్టంలో ఉన్న దారులు, సంతకం ఎవరిది, తర్వాత ఏమైంది అని రాసుకోండి. అందరూ తప్పు చేసేది రెండో గడిలో. తర్వాత తెలిసినవన్నీ తెచ్చి అందులో కుక్కుతారు.

బాబ్రీ మసీదు కూలిన 1992 డిసెంబర్ 6కు ఆ గడి నింపి చూడండి. కట్టడాన్ని కాపాడతామని ఉత్తరప్రదేశ్‌లోని కల్యాణ్ సింగ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీ ఉంది. కేంద్ర బలగాలు అయోధ్య పక్కనే ఫైజాబాద్‌లో ఉన్నాయి. రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం ఉంది. "బొమ్మై తీర్పు ఉండగా రాష్ట్రపతి పాలన ఎలా పెడతారు?" అని పీవీ అభిమానులు అడుగుతుంటారు. రాష్ట్ర ప్రభుత్వాలను ఇష్టమొచ్చినట్టు రద్దు చేయకూడదన్న ఆ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 1994 మార్చిలో! అవతలి పక్షం మసీదు కూల్చివేతపై విచారణ జరిపిన లిబర్‌హాన్ కమిషన్ నివేదిక ఎత్తుకుంటుంది. ఆ కమిషన్ వేసింది 1992 డిసెంబర్‌లోనే, గడువు మూడు నెలలే. 48 పొడిగింపుల తర్వాత 2009లో నివేదిక ఇచ్చింది. అందులో తేలినవేవీ ఆనాటి గడిలోకి రావు. ఇవి రెండూ తీసేశాక కూడా ఒకటి మిగులుతుంది. హామీ తప్పితే ఏం చేయాలన్నదానికి ఆ రోజు ఢిల్లీ దగ్గర పనికొచ్చే ఏర్పాటు లేదు. బయటపడకుండా ఉండటం జూలైలో కలిసొచ్చింది, డిసెంబర్‌లో ముంచింది.

ఇంకోటి. స్వభావం పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోతుందనుకోకండి. 1972లో మన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పీవీ నానబెట్టే రకం కాదు. భూపరిమితి చట్టాన్ని పట్టుబట్టి ముందుకు తోశారు, భూస్వాములు పగబట్టారు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న తీర్పు, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం తోడై 1973 జనవరికల్లా కుర్చీ పోయింది. 1991 నాటి జాగ్రత్తకు మూలం అక్కడ వెతకమంటాను. ఇది నా అంచనా, రుజువు కాదు.

సహచరుల ఆత్మకథలు చదివేటప్పుడు అచ్చయిన సంవత్సరం, అప్పటికి రాసినవారు ఏ పార్టీలో ఉన్నారో ముందు చూసుకోండి. పీవీ 2004 డిసెంబర్‌లో పోయారు. ఆ తర్వాత వచ్చిన వాటికి జవాబిచ్చే మనిషి లేరు.

కేసుల విషయంలో చివరి కోర్టు దాకా చదవాలి. 1993 జూలైలో అవిశ్వాస తీర్మానం 251–265 తేడాతో వీగిపోయింది. ఆ ఓట్ల కోసం జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు లంచాలు ఇచ్చారన్న కేసులో 2000లో ప్రత్యేక కోర్టు పీవీకి శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. గిట్టనివాళ్లు 2000 దగ్గర ఆగిపోతారు, అభిమానులు 2002 దగ్గర మొదలుపెడతారు. వీటికన్నా ముందే వచ్చిన 1998 తీర్పును ఇద్దరూ వదిలేస్తారు. లంచం తీసుకుని సభలో ఓటేసిన ఎంపీకి రాజ్యాంగ రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు అప్పుడు చెప్పింది. లా విద్యార్థులు దాన్ని ఇప్పటికీ "పి.వి. నరసింహారావు కేసు" అనే పిలుస్తారు. 2024 ఫిబ్రవరి 9న ఆయనకు భారతరత్న ప్రకటించారు. మార్చి 4న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ 1998 తీర్పును రద్దు చేసింది.