నారు తేలిపోకుండా

చిరంజీవి పావనికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ల్యాబులో పెంచిన రక్తనాళం రెండు గంటలకే గడ్డకట్టి మూసుకుపోయిందనీ, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు పూత ఇంకాస్త దట్టంగా వేస్తాననీ రాశావు. వెయ్యి, కాదనను. కానీ ఎంత గట్టిగా అంటించినా పూత పదును కొన్నాళ్లకి తగ్గేదే. మన నాళాల్లో లోపలి గోడ పొడుగునా ఎండోథీలియల్ కణాలు ఒకే ఒక్క వరసగా పరుచుకుని, నైట్రిక్ ఆక్సైడూ ప్రోస్టాసైక్లినూ రోజూ తామే తయారుచేస్తూ రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లని దగ్గరికి రానివ్వవు. ఆ వరస ఊడినచోట కింద ఉన్న కొల్లాజెన్ అనే పీచు బయటపడుతుంది. ప్లేట్‌లెట్‌కి అది గాయమే, పని మొదలెట్టేస్తుంది.

సాయంత్రం కణాలు పరిచి మర్నాడే పూర్తి ప్రవాహం వదిలావట! ఉడుపులైన మర్నాడే మీ తాతయ్య మడికి కాలువ నీరు నిండా పెట్టేవాడా? నారు తేలిపోదూ! మొదట నెమ్మదిగా పారించు. రోజురోజుకీ కాస్త పెంచు, గుండె కొట్టుకున్నట్టు తెరలు తెరలుగా. కణాలు ప్రవాహం దిక్కుకి పొడుగ్గా సాగేదాకా ఓపిక పట్టు. 1999లో లారా నిక్లాసన్ బృందం పందులకి వేసిన నాళాలు అలాంటి ప్రవాహంలో పెరిగినవే.

2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన నాళంలో బతికున్న కణాలే లేవు కదా అంటావు. నిజమే. దాని వ్యాసం 6 మిల్లీమీటర్లు, నీది 3. పొడవూ ఒత్తిడీ ఒకటే అయినా నీ దాంట్లో పారేది పదహారో వంతు. ప్రవాహం తగ్గితే గడ్డ త్వరగా కడుతుంది, ఆ ధీమా నీకు చెల్లదు.

ఇంకోటి. కవిటి నుంచి ఒక కొబ్బరి రైతు వచ్చేవాడు, ఉద్దానం కిడ్నీ జబ్బే. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనీ కలుపుతూ ప్లాస్టిక్ గొట్టం, అదే గ్రాఫ్ట్, వేశాను. రోజూ పొద్దున్నే వేళ్లు పెట్టి చూసుకోమన్నాను, లోపల రక్తం జుమ్మంటూ తగలాలి. ఓసారి రెండ్రోజులు విరేచనాలయ్యాయి. మూడోనాడు "చెయ్యి పలకట్లేదు బాబూ" అంటూ దిగాడు. తెరిస్తే మాగిన నేరేడు రంగులో వేలెడు గడ్డ. ఒంట్లో నీరు తగ్గడం వంక మాత్రమే. గ్రాఫ్టు సిరని కలిసే అతుకు దగ్గర లోపలి పొర దళసరెక్కి, దారి ఎప్పుడో సన్నబడిపోయి ఉంది. వేసింది నేనే, ముందుగా పట్టుకోలేకపోయిందీ నేనే. నువ్వు మాత్రం నాళం నడిమి భాగం చూసి మురిసిపోకు. అతుకులు కోసి మైక్రోస్కోపు కింద పెట్టు.

ఎలకల్లో లోపలంతా కణాలు పరుచుకున్నాయని పొంగిపోకు. మనిషిలో అవి అతుకు నుంచి ఒకట్రెండు సెంటీమీటర్లు పాకి ఆగిపోతాయి.

దసరాకి రా. పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రికి తీసుకెళ్తాను. డయాలసిస్‌కి వచ్చినవాళ్లని అడిగి, ఒక్కరి చేతి మీదైనా వేళ్లు పెట్టి చూద్దువు గాని. వచ్చేటప్పుడు ఆ మూసుకుపోయిన నాళం ఫొటోలు తే, అతుకుల దగ్గరవి కూడా.

మీ పెదనాన్న
సోంపేట